బూబా గుండ్రంగా, కికీ ముళ్లుముళ్లుగా ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. స్కూల్లో టీచర్ బోర్డు మీద రెండు బొమ్మలు గీశారట, ఒకటి మబ్బులా గుండ్రంగా, ఇంకోటి ముళ్లుముళ్లుగా. ఇందులో బూబా ఏది, కికీ ఏది అంటే క్లాసంతా గుండ్రటిదే బూబా అన్నారట. ఇంగ్లిష్‌లో ‘బీ’ గుండ్రంగా, ‘కే’ కోసుగా ఉంటాయి కాబట్టే అలా చెప్పారని మావారు అంటున్నారు. నిజమేనా? - ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీవారికి వచ్చిన అనుమానమే పరిశోధకులకూ వచ్చింది, అందుకే పరీక్షించి చూశారు. 1929లో కోలర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వేరే పేర్లతో మొదలుపెట్టిన ఆట ఇది, బూబా, కికీ అనే పేర్లతో 2001లో రామచంద్రన్, హబ్బర్డ్ అనే పరిశోధకులు రాశాక అందరికీ తెలిసింది. తర్వాత 25 భాషలు, 10 లిపులకు చెందిన 917 మందిని అడిగితే నూటికి 72 సార్లు మీ అమ్మాయి క్లాసు చెప్పిన జవాబే వచ్చింది, రోమన్ లిపి వాళ్లలో కాస్త ఎక్కువ, అంతే. నమీబియా ఉత్తరాన పశువుల్ని మేపుకుని బతికే హింబా ప్రజలకు రాత అలవాటు లేదు, వాళ్లూ ఇలాగే జత కలిపారు. కాబట్టి అక్షరాల వల్లే అనడం కుదరదు.

మరి ఎందుకు? ‘బూ’ అనండి, పెదాలు గుండ్రంగా ముడుచుకుంటాయి. ‘కికీ’ అంటే నోరు పక్కలకు సాగుతుంది, శబ్దం కూడా తెగినట్టు, సన్నగా వస్తుంది. నాకు ఈ వివరణ సబబుగానే తోస్తుంది కానీ ఇదొక్కటే సరిపోదు, ఎందుకంటే పుట్టుకతో చూపు లేనివాళ్లకు బొమ్మల్ని చేతికిచ్చి తడిమి చెప్పమంటే వాళ్లలో ఈ ధోరణి బాగా తక్కువగా కనిపించింది. అంటే చూసిన అనుభవానికీ ఇందులో వాటా ఉంది. ఆ 25 భాషల్లోనే టర్కిష్, రొమేనియన్, మాండరిన్ (చైనా భాష) మాట్లాడేవాళ్లలో ఈ ధోరణి కనపడలేదు, అందుకని ‘ప్రపంచమంతా ఇంతే’ అని ఎవరైనా రాస్తే నమ్మకండి.

నాకు మరీ ఆసక్తిగా అనిపించేది సోడా సంగతి. గ్యాస్ ఉన్న నీళ్లు తాగించి ఏ బొమ్మలా ఉందంటే పాశ్చాత్యులు కోసుగా ఉన్నదాన్ని చూపిస్తారు. హింబా వాళ్లు అలా చూపించలేదు. శబ్దానికి కుదిరిన జత రుచి దగ్గరికి వచ్చేసరికి కుదరలేదన్నమాట, అక్కడ మన అలవాట్లే ఎక్కువ పనిచేస్తున్నట్టున్నాయి.

మీ ఇంట్లో చదవడం రాని పెద్దవాళ్లెవరైనా ఉంటే, పేర్లు కాగితం మీద రాయకుండా నోటితోనే చెప్పి అడిగి చూడండి. మీవారిని పక్కనే కూర్చోబెట్టండి, కానీ జవాబు మాత్రం అందించనివ్వకండి.