అమెరికా సైన్యంలో తప్పు చేసినవాళ్లకి నిజంగా శిక్ష పడుతుందా?

కింది సిపాయికి పడుతుంది. ఇరాక్‌లోని అబూ గరీబ్ జైల్లో ఖైదీల్ని హింసిస్తూ ఫొటోల్లో దొరికిన చిన్న ర్యాంకువాళ్లు జైలుకెళ్లారు కదా. యుద్ధనౌక నడిపే కెప్టెన్‌కి మాత్రం పడదు. పైగా పతకం వస్తుంది. 1988లో దుబాయ్‌లో ఉన్నవాణ్ణి, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

అప్పుడు దేరాలో ఒక ఇరానీ వ్యాపారి దగ్గర పికప్ తోలేవాణ్ణి. అందరం ఆయన్ని అర్బాబ్, అంటే యజమాని, అనేవాళ్లం. జూలై 3, ఆదివారం. ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ నుంచి ఆయన మరదలు, ఇద్దరు పిల్లలు వస్తున్నారంటే ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్లాను. విమానం ఎక్కితే అరగంటలో దిగే దూరం. మధ్యాహ్నమైనా రాలేదు. కౌంటర్లో అడిగితే లేటన్నారు, తర్వాత అడిగితే మొహం తిప్పుకున్నారు. ఇంతలో ట్రాన్సిస్టర్ చెవి దగ్గర పెట్టుకున్న ఒక ముసలాయన ఫార్సీలో ఏదో అరిచాడు. నాకు భాష అర్థం కాలేదు గానీ, అర్బాబ్ నా చొక్కా పట్టుకుని అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. పిల్లల కోసం కొన్న చాక్లెట్ల సంచి నా చేతిలోనే ఉంది. అది ఎవరికివ్వాలో తెలియక సాయంత్రం దాకా మోశాను. నలభై రోజులు కొట్టు తెరవలేదు, అయినా మా జీతాలు ఆపలేదు ఆ మనిషి.

ఆ విమానం ఇరాన్ ఎయిర్ 655. 290 మంది చనిపోయారు. అందులో 66 మంది పిల్లలు, 10 మంది మన భారతీయులు. కూల్చింది యూఎస్‌ఎస్ విన్సెన్స్ అనే అమెరికా నౌక. విమానం పైకి ఎక్కుతోందని ఆ నౌక కంప్యూటరే చూపించింది. లోపలున్నవాళ్లు మాత్రం యుద్ధవిమానం దిగుతూ మీదికొస్తోందని కెప్టెన్‌కి చెప్పారు. ఇచ్చిన హెచ్చరికల్లో ఎక్కువభాగం మిలిటరీ ఫ్రీక్వెన్సీలో ఇచ్చినవే. ప్రయాణికుల విమానానికి అది వినపడనే వినపడదు. పైగా నౌక ఆ సమయంలో ఇరాన్ జలాల్లోకి చొరబడి ఉంది. ఆ సంగతి 1992లో గానీ బయటికి ఒప్పుకోలేదు. నౌకాదళం సొంత విచారణ చేసుకుని, సిబ్బంది ఒత్తిడిలో పొరబడ్డారని రాసి మూసేసింది. కోర్టు మార్షల్ లేదు. 1990లో కెప్టెన్ విల్ రోజర్స్‌కి, ఆ నౌకకి కమాండర్‌గా చేసిన సేవకే, లీజియన్ ఆఫ్ మెరిట్ అనే సైనిక పతకం ఇచ్చారు.

మా ఊళ్లో ఈ సంగతి చెప్తే పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లకి కోపం. "అక్కడ రూలంటే రూలే మామా" అంటారు. సిగ్నల్ దగ్గర కారు ఆపడం వేరు, ఆ మిసైల్ మీట నొక్కినవాణ్ణి నిలదీయడం వేరు. ఈ తేడా చెప్పబోతే మాట మారుస్తారు. గల్ఫ్‌లో చచ్చిపోయిన ఆ పదిమంది పేర్లు మాత్రం ఒక్కరూ అడగరు.

2012లో జెబెల్ అలీ దగ్గర అమెరికా నౌక రాపహానాక్ చేపల పడవ మీద కాల్పులు జరిపింది. తమిళనాడు జాలరి ఒకాయన చనిపోయాడు. ముందే హెచ్చరించామని నేవీ అంది, మాకేం వినపడలేదని బతికినవాళ్లన్నారు. 24 ఏళ్ల తర్వాత కూడా అదే సముద్రం, అదే జవాబు.

విమానం కేసులో 1996లో ఇరాన్ కుటుంబాలకి 6.18 కోట్ల డాలర్లు ఇచ్చారు, తప్పు మాదేనని మాత్రం ఒప్పుకోలేదు. ఆ డబ్బుతో పాటు కెప్టెన్ పతకం వెనక్కి తీసుకుని ఉంటే, మీ ప్రశ్నకి జవాబు నేను వేరేలా రాసేవాణ్ణి.