ఈస్టర్ సెలవుల్లో హోస్ట్ ఫ్యామిలీకి శాకాహారం సంగతి ఎలా చెప్పాలి?

ఈస్టర్ నాలుగు రోజులూ జర్మనీలోని హాంబర్గ్ దగ్గర హోస్ట్ ఫ్యామిలీతో ఉండబోతున్నారనీ, మాంసం, చేపలు తినరని చెబితే వాళ్ళు నొచ్చుకుంటారేమోనని మొహమాటంగా ఉందనీ రాశారు. దయచేసి ఆ మొహమాటం వదిలి ఈ వారంలోనే చెప్పండి, ఎందుకంటే గుడ్ ఫ్రైడే, ఆదివారం, సోమవారం అక్కడ దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి వాళ్ళు సరుకులన్నీ ముందే కొనిపెట్టుకుంటారు. నేను చెప్పకుండా వెళ్ళిన ఏడాది, శుక్రవారం మధ్యాహ్నం ఆ ఇంటి పెద్దావిడ వెన్నలో వేయించిన చేపముక్కను ఎంతో ఆప్యాయంగా నా పళ్ళెంలో పెట్టారు. నేను తిననని తెలిశాక ఆమె ముఖం చిన్నబోవడం చూసి నాకు చాలా బాధ కలిగింది.

జర్మన్‌లో "ఇష్ ఎస్సె కైన్ ఫ్లైష్ ఉంట్ కైనెన్ ఫిష్" (నేను మాంసం తినను, చేపలూ తినను) అని రెండూ విడివిడిగా చెప్పండి, శాకాహారులు చేప తింటారని అనుకునేవాళ్ళు అక్కడా ఉన్నారు. గుడ్డు తింటారో లేదో మీరు రాయలేదు; తినకపోతే అదీ స్పష్టం చేయాలి, పండగకు గొర్రెపిల్ల ఆకారంలో చేసి పైన పంచదార పొడి చల్లే కేకులో గుడ్లు ఉంటాయి. జెల్లీ మిఠాయిల్లో సాధారణంగా జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది, ప్యాకెట్ చూసుకోండి.

ఒక పూట మీరే పులిహోర చేస్తానని అడగండి, చింతపండు, పోపు సామాను మాత్రం గురువారానికే కొనిపెట్టుకోండి. శనివారం రాత్రి ఊరి బయట వేసే ఈస్టర్ మంటకు తీసుకెళ్తే వెచ్చని కోటు వేసుకొని తప్పక వెళ్ళండి.