కంపెనీ ఇచ్చిన రౌటర్ తీసేసి కొత్తది పెట్టుకోవచ్చా? ముందు వైరు సంగతి చూడండి

ప్రశ్న ఇదీ: “విశాఖలో మూడు బెడ్‌రూముల ఫ్లాట్ మాది. ఫైబర్ నెట్ పెట్టించాం. కంపెనీవాళ్లిచ్చిన రౌటర్ హాల్లో ఉంది, చివరి గదిలో వైఫై అందట్లేదు. అది తీసేసి మంచి రౌటర్ కొనుక్కోవచ్చా? ఏది కొనమంటారు?”

తీసేయకండి. దాన్ని అలాగే ఉంచి ఇంకొకటి జత చేసుకోండి. ఆ రెండోది కొనేముందు కూడా పావుగంట పని ఒకటుంది, అది చేశాకే డబ్బు తియ్యండి.

మీరు రౌటర్ అంటున్న డబ్బా రెండు పనులు చేస్తోంది. ఫైబర్‌లో వచ్చే కాంతిని నెట్‌వర్క్ సిగ్నల్‌గా మార్చడం ఒకటి. ఆ పని చేసేదాన్ని ఓఎన్‌టీ అంటారు. వచ్చిన నెట్‌ని ఇంట్లో అందరికీ పంచడం రెండోది. షాపులో మామూలుగా అమ్మే రౌటర్‌కి ఈ రెండో పనే వచ్చు, దాని వెనక ఫైబర్ గుచ్చే చోటే ఉండదు. పోనీ బయట ఇంకో ఓఎన్‌టీ కొందామన్నా, మీ డబ్బా సీరియల్ నంబరు ఎక్స్‌ఛేంజిలో ఉండే కంపెనీ యంత్రంలో (ఓఎల్‌టీ అంటారు) నమోదై ఉంటుంది. కొత్త నంబరు కంపెనీవాళ్లు ఎక్కించేదాకా పీఓఎన్ అని రాసి ఉన్న లైటు మిణుకుమంటూనే ఉంటుంది, నిలబడదు.

ఆకుపచ్చ కనెక్టర్‌ని ఊరికే లాగి చూడటం కూడా వద్దు. దాని కొస 8 డిగ్రీల వాలుగా అరగదీసి ఉంటుంది. వేలు తగిలి జిడ్డంటినా, నీలం కనెక్టర్‌తో జత చేసినా సిగ్నల్ పడిపోతుంది. తీగని చిన్న చుట్టగా బిగించి సోఫా వెనక్కి తోసేసినా అంతే. అందులో నడిచే కాంతి కంటికి కనపడదు, కానీ కంటికి చెరుపు చేస్తుంది. కొసలోకి చూడొద్దు, పిల్లల్ని చూడనివ్వొద్దు.

ఇక ఆ పావుగంట పరీక్ష. ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపి, డబ్బా వెనక మొదటి ల్యాన్ పోర్టుకి వైరు తగిలించి స్పీడ్ టెస్ట్ చెయ్యండి. మీ ప్లాన్ వేగం వైరు మీద వచ్చేస్తే లైను బాగుంది, గొడవంతా వైఫైదే. ప్లాన్ 200 అయినా లెక్క 93, 95 దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోతే ఎక్కడో 100 ఎంబీపీఎస్ దగ్గర బిగుసుకుందన్నమాట. చాలా డబ్బాల్లో ఒక్క పోర్టే గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్‌ది. దాని పక్కన జీఈ అనీ, మిగతావాటి పక్కన ఎఫ్ఈ అనీ ఉంటుంది. జీఈ పోర్టులో పెట్టినా అంతే వస్తే వైరు మార్చి చూడండి. గిగాబిట్‌కి వైరులోని నాలుగు జతలూ పని చెయ్యాలి. ఒక జత తెగినా లింకు 100కి పడిపోతుంది, చూడ్డానికి మాత్రం అంతా బాగున్నట్టే ఉంటుంది.

వైరు మీద కూడా వేగం ఎగుడుదిగుడుగా ఉంటే బ్రౌజర్‌లో డబ్బా సెట్టింగుల పేజీ తెరవండి. చాలావాటికి చిరునామా 192.168.1.1, లాగిన్ వివరాలు అడుగున స్టిక్కరు మీద ఉంటాయి. అందులో ఆప్టికల్ పవర్, అంటే ఫైబర్‌లో కాంతి బలం ఎంతుందో చూడండి. రిసీవ్ పవర్ మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 దాటితే లైను బాగు చేయించాలి, ఎన్ని రౌటర్లు మార్చినా దండగే. కస్టమర్ కేర్‌కి “నెట్ స్లోగా ఉంది” అని చెబితే రీస్టార్ట్ చెయ్యమంటారు. “రిసీవ్ పవర్ మైనస్ 28 ఉంది” అని చెప్పండి, ఫైబర్ అతికేవాడు మిషనుతో వస్తాడు.

మీ ప్రశ్న చదువుతుంటే లైను బాగానే ఉందనీ, డబ్బా ఉన్నచోటే తప్పనీ నాకనిపిస్తోంది. ఇది మన ఊరి అపార్ట్‌మెంట్లలో ఇంటింటి గోల. బిల్డర్ ఏసీకి పాయింటిస్తాడు, గీజర్‌కిస్తాడు, ఇన్వర్టర్‌కి విడిగా లైను లాగుతాడు. నెట్‌కి మాత్రం ఒక్క పైపు వెయ్యడు. దాంతో ఫైబర్ తెచ్చిన అబ్బాయి కిటికీలోంచో, గుమ్మం పైనుంచో తీగ లోపలికి తోసి, అది ఎక్కడ ఆగితే అక్కడే డబ్బా పెట్టి వెళ్లిపోతాడు. చెప్పుల స్టాండు మీద, టీవీ వెనక, ఫ్రిజ్ పక్కన. అక్కణ్ణుంచి చివరి గదికి రెండు తొమ్మిదంగుళాల గోడలు, మధ్యలో ఇనుప బీరువా. 5 గిగాహెర్ట్జ్ వైఫై అంత దూరం పోదు. ఇప్పుడు అల్యూమినియం అచ్చులతో గోడలన్నీ కాంక్రీటుతోనే పోస్తున్న టవర్లలో అయితే ఒక్క గోడకే చతికిలబడుతుంది. యాంటెన్నాలు ఆరున్నాయా ఎనిమిదున్నాయా అని లెక్కపెట్టి కొంటే ఈ గోడలు కరగవు.

అందుకే రౌటర్ కంటే ముందు వైరు గురించి ఆలోచించమంటాను. చవకైన దారి, డబ్బానే ఇంటి నడుమకి జరపడం. రెండు చివరలా ఆకుపచ్చ కనెక్టర్లున్న ఫైబర్ తీగ (ప్యాచ్‌కార్డ్) 10, 15 మీటర్లది, దాంతోపాటు రెండు కొసల్ని కలిపే కప్లర్ ఒకటి తెప్పించి వేయించుకుంటే సరి. కప్లర్ వల్ల పోయే సిగ్నల్ లెక్కలోకి రాదు. జరిపాక ఆప్టికల్ పవర్ మరోసారి చూసుకోండి.

అలా కుదరకపోతే డబ్బా దగ్గర్నుంచి చివరి గదిదాకా ల్యాన్ కేబుల్ లాగించి అక్కడ రెండో రౌటర్ పెట్టండి. ఎంవీపీ కాలనీ, సీతమ్మధారల్లో కాస్త పాత అపార్ట్‌మెంట్లు ఉన్నాయి చూశారా, వాటిలో గది గదికీ కేబుల్ టీవీ పైపు ఉంటే అదో వరం. వాడకంలో లేని టీవీ కేబుల్ కొసకి ల్యాన్ కేబుల్ని టేపుతో గట్టిగా చుట్టి, అవతలి వైపు నుంచి మెల్లగా లాగితే ఇది దాని వెంట వచ్చేస్తుంది. గోడ పగలగొట్టక్కర్లేదు. కరెంటు వైర్లున్న పైపులోకి మాత్రం దూర్చకండి. పైపే లేకపోతే గోడ అంచు వెంట ప్లాస్టిక్ పట్టీ వేసి అందులో నడిపించండి.

కేబుల్ క్యాట్ 6, శుద్ధమైన రాగిది తీసుకోండి. చవగ్గా వచ్చేవాటిలో అల్యూమినియం తీగ మీద రాగి పూతే ఉంటుంది. బ్లేడుతో గీకితే లోపల తెల్లగా మెరుస్తుంది. అలాంటిది క్రింపింగ్ దగ్గర పుటుక్కున విరుగుతుంది. రెండు చివరలా ఒకే వరసలో జాక్ కొట్టించండి: నారింజ-తెలుపు, నారింజ, ఆకుపచ్చ-తెలుపు, నీలం, నీలం-తెలుపు, ఆకుపచ్చ, గోధుమ-తెలుపు, గోధుమ. బీచ్ రోడ్డు, లాసన్స్ బే వైపు ఉండేవాళ్లకి ఇంకో చిక్కు. ఉప్పుగాలికి జాక్ పిన్నులు చిలుము పడతాయి, ఒక రోజు గిగాబిట్, మర్నాడు 100. బాల్కనీలో జాయింటు పెట్టొద్దు. బయట తిరగాల్సిన ముక్కకి ఎండకి ఆగే నల్ల తొడుగు కేబులే వాడి, గోడలోకి దూరేముందు కిందికి వేలాడేలా ఒక వంపు ఇవ్వండి, వాననీరు అక్కడే జారిపోతుంది.

వైరు పడ్డాక రెండో రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి, అంటే పెత్తనం మొదటి డబ్బాకే వదిలి ఇది వైఫై మాత్రమే ఇస్తుంది. మీ అవసరానికి ఇది చాలు. ఆ మోడ్ లేని పాత రౌటర్ ఇంట్లో పడి ఉన్నా పనికొస్తుంది. దాన్ని ల్యాప్‌టాప్‌కి విడిగా తగిలించి, చిరునామా 192.168.1.2కి మార్చి, డీహెచ్‌సీపీ ఆపేసి, డబ్బా నుంచి వచ్చే వైరుని దాని వ్యాన్ పోర్టులో (బయటి నెట్ కోసం ఉండేది) కాక ల్యాన్ పోర్టులో గుచ్చాలి. డీహెచ్‌సీపీ ఆపడం మరిచిపోతే రెండూ పోటీపడి అడ్రసులు పంచుతాయి. సగం ఫోన్లు బాగుంటాయి, మిగతా సగంలో వైఫై గుర్తు నిండుగా ఉంటుంది కానీ పేజీ తెరుచుకోదు. రెండింటికీ వైఫై పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం అక్షరం తేడా లేకుండా ఒకటే పెట్టండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికి ఛానెల్ 1, రెండోదానికి 6 లేక 11, వెడల్పు 20 మెగాహెర్ట్జ్. ఫోన్ లోపలి గదికొచ్చినా హాలు డబ్బానే పట్టుకుని వేలాడుతుంటే, హాల్లోదాని పవర్ ఒక మెట్టు తగ్గించండి.

ప్లగ్గులో గుచ్చే చిన్న ఎక్స్‌టెండర్ కొనమని ఎవరైనా చెబితే వినకండి. వినడానికీ చెప్పడానికీ ఒకే రేడియో వాడేదైతే వేగం సగానికి పడిపోతుంది. మెష్ సెట్లు (రెండు మూడు డబ్బాలు కలిసి ఒకే వైఫైగా పనిచేసేవి) నయమే, వాటిని కూడా వైరుతో కలిపితేనే పూర్తి ఫలితం.

“కాదు, నాకు కొత్త రౌటరే పెత్తనం చెయ్యాలి” అంటే దాని దారి బ్రిడ్జ్ మోడ్: పాత డబ్బా కాంతిని మార్చే పని మాత్రం చేసి, మిగతాదంతా కొత్త రౌటర్‌కి వదిలేస్తుంది. పిల్లల ఫోన్లకి సమయం కట్టడి, ఇంట్లోనే వీపీఎన్, వైఫై మీద చాలా వస్తువులు ఉన్నవాళ్లకి అది అవసరమే. కానీ జనం చేతులు కాల్చుకునేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఆదివారం సాయంత్రం మొదలుపెట్టారనుకోండి. డబ్బా పేజీలో వ్యాన్ కింద రెండు మూడు లైన్లు కనిపిస్తాయి: ఒకటి ఇంటర్‌నెట్, ఒకటి వాయిస్, ఏపీ ఫైబర్‌నెట్‌లా టీవీ కూడా వచ్చే కనెక్షన్ అయితే దానికింకొకటి. ముందు ప్రతి పేజీకీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి, వీల్యాన్ నంబరు (ఒక్కో లైనుని వేరుచేసే గుర్తు) కనపడేలా. మార్చాల్సింది ఇంటర్‌నెట్ లైను ఒక్కటే. మిగతావి ముట్టుకుంటే ల్యాండ్‌లైన్ మూగబోతుంది, టీవీ పెట్టె ఆగిపోతుంది. బీఎస్ఎన్ఎల్ వంటి పీపీపీఓఈ లాగిన్ ఉన్న కనెక్షన్‌కి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ముందే చేతిలో ఉండాలి. పేజీలో పాస్‌వర్డ్ చుక్కలుగానే కనిపిస్తుంది, అది చూసి రాసుకోలేరు. లాగిన్ పద్ధతే లేని కనెక్షన్లలో ఈ బ్రిడ్జ్ ప్రయాస మానేసి యాక్సెస్ పాయింట్‌తో సరిపెట్టుకోండి.

బ్రిడ్జ్ చేశారు, కొత్త రౌటర్‌లో పీపీపీఓఈ పెట్టారు, కనెక్ట్ నొక్కారు. రాదు. యూజర్‌నేమ్ తప్పేమోనని నాలుగుసార్లు కొడతారు. చాలాసార్లు తప్పు అది కాదు, పాత డబ్బా తెరిచిన సెషన్ కంపెనీ వైపు ఇంకా మూసుకోలేదు. రెండూ ఆపేసి అరగంట వదిలేసి మళ్లీ చూడండి. అప్పటికీ రాకపోతే రెండే అనుమానాలు. వీల్యాన్ నంబరు ఏ పెట్టెలో రాయాలన్నది మొదటిది. ఓఎన్‌టీలో వేసేస్తే రౌటర్‌లో ఖాళీగా వదలాలి, రెండుచోట్లా వేస్తే కుదరదు. పాత డబ్బా మ్యాక్ అడ్రసుకే (ప్రతి పరికరానికీ ఉండే సొంత గుర్తు) లైను కట్టేసి ఉండటం రెండోది. స్టిక్కరు మీది మ్యాక్‌ని రౌటర్‌లో మ్యాక్ క్లోన్ అనేచోట ఎక్కించి చూడండి, లేదా కంపెనీకి ఫోన్ చేసి విడిపించమనండి.

కనెక్ట్ అయ్యాక మరో తమాషా. వాట్సాప్ నడుస్తుంది, బ్యాంకు పేజీ మాత్రం సగంలో నిలిచిపోతుంది. దానికి కారణం ఎంటీయూ, అంటే ఒక్కసారికి పంపగల ప్యాకెట్ గరిష్ఠ సైజు. పీపీపీఓఈ తన కోసం 8 బైట్లు తీసుకుంటుంది, 1500లో మిగిలేవి 1492. రౌటర్‌లో ఆ అంకె వెయ్యండి. విండోస్‌లో ముక్కలు చెయ్యొద్దన్న ఆప్షన్‌తో 1464 సైజు పింగ్ (దాని హెడర్ల 28 బైట్లు కలిపితే 1492) పంపితే జవాబు రావాలి, 1465కి రాకూడదు. అప్పుడు సరిగ్గా కూర్చున్నట్టు.

సీసీ కెమెరాని బయటినుంచి చూడ్డానికి రౌటర్‌లో దారి (దీన్నీ పోర్టు అనే అంటారు) తెరుద్దామని బ్రిడ్జ్ చేస్తున్నవాళ్లు ముందు రౌటర్‌కొచ్చిన వ్యాన్ అడ్రసు చూసుకోండి. 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే కంపెనీ ఒకే పబ్లిక్ అడ్రసుని ఎంతోమందికి పంచుతోందని అర్థం. ఆ అడ్రసు మీదికి బయటినుంచి మీ పోర్టు తెరుచుకోదు, డబ్బు కట్టి మీకే సొంతమైన అడ్రసు (స్టాటిక్ ఐపీ) తీసుకోవాలి. కెమెరా కంపెనీ యాప్ ద్వారా చూసేవాళ్లకి ఈ బాధ లేదు.

విసుగొచ్చి పాత డబ్బా వెనక చిన్న రంధ్రంలో పిన్ను పెట్టి రీసెట్ నొక్కడం, దయచేసి ఆ ఒక్కటీ చెయ్యకండి. లాగిన్, వీల్యాన్, వాయిస్ అన్నీ చెరిగిపోవచ్చు. సోమవారం టెక్నీషియన్ వచ్చేదాకా ఇంట్లో నెట్ ఉండదు.

ఏది కొనాలన్నారు కదా. డబ్బా మీద “గిగాబిట్ పోర్టులు” అని ఉందో లేదో చూడండి, మిగతావన్నీ తర్వాత. టీపీ-లింక్ రౌటర్లు ఆర్చర్ సి50, సి6 రెండూ పక్కపక్కన అల్మరాలో ఒకేలా కనిపిస్తాయి. సి50 పోర్టులు 100 ఎంబీపీఎస్‌వి, సి6వి గిగాబిట్. 200 ఎంబీపీఎస్ ప్లాన్‌కి మొదటిది తగిలిస్తే సగం వేగం తలుపు దగ్గరే ఆగిపోతుంది. ఇప్పుడు కొనేదైతే డ్యూయల్ బ్యాండ్ వైఫై 6, గిగాబిట్ పోర్టులు, యాక్సెస్ పాయింట్ మోడ్ ఉన్న మామూలు మోడల్ చాలు.

కరెంటు సంగతి కూడా చూసుకోండి. 2014లో హుద్‌హుద్ చూసిన ఊరు మనది, గాలివాన అంటే కరెంటు పోతుందనే లెక్క. ఇంటికి నేరుగా ఫైబర్ వస్తే వీధిలో ఫైబర్‌ని ఇళ్లకి పంచే స్ప్లిటర్‌కి కరెంటు అక్కర్లేదు, ఇంట్లో డబ్బాలు వెలిగి ఉంటే నెట్ నడిచే అవకాశం బాగా ఉంటుంది. అదే మెట్ల కింద నెట్‌వర్క్ స్విచ్ (నెట్‌ని పంచే డబ్బా) పెట్టి ల్యాన్ వైరుతో ఇచ్చే కనెక్షన్ అయితే ఆ స్విచ్ ఆరగానే మీదీ ఆరుతుంది. 12 వోల్టుల చిన్న యూపీఎస్ కొనేముందు రెండు అడాప్టర్ల మీదా ఎన్ని ఆంపియర్లున్నాయో చదివి కూడండి. 12 వోల్టులు 2 ఆంపియర్ల యూపీఎస్ అంటే మొత్తం 24 వాట్లే. కొత్త రౌటర్ అడాప్టర్ 1.5, ఓఎన్‌టీది 1 అయితే కలిపి 2.5 అవుతుంది, ఒకే యూపీఎస్ మీద రెండూ పెట్టొద్దు. రెండో రౌటర్ చివరి గదిలో ఉంటుంది కాబట్టి దానికెలాగూ విడిగా ఇంకోటి కావాలి.

అడాప్టర్లు తారుమారు కాకుండా ఒక్కోదానికి పేరు చీటీ అంటించండి. కంపెనీ డబ్బా మీది కాదు, కనెక్షన్ మానేసిన రోజున వాళ్లు దాన్ని దాని సొంత అడాప్టర్‌తో సహా తిరిగి అడుగుతారు.