అల్లుడికి ఒక ఉత్తరం: క్యూ పెరిగిపోతుంటే ముందు ఏం చూడాలి

కర్నూలు,
ఆదివారం మధ్యాహ్నం

అల్లుడూ,

మొన్న రాత్రి పదకొండున్నరకు నీ ఫోన్ వస్తే గుండె జారిపోయింది. ఎత్తితే "అత్తా, మా ఓటీపీలు పంపే క్యూలో రెండు లక్షల మెసేజ్‌లు పేరుకుపోయినాయి, ఎంతకీ తగ్గడం లేదు" అన్నావు. మీ మామ పక్కమీద లేచి కూర్చుని "ఎవరు పోయినారు?" అని అడుగుతున్నాడు. నిద్రమత్తులో నీకు ఏదో చెప్పి పెట్టేశాను. పాతికేళ్లు బెంగళూరులో ఇదే పని, వంతు కోసం మెసేజ్‌లు నిలబడే ఇలాంటి క్యూలు నడిపే సాఫ్ట్‌వేర్ పని, చేసి, నీకు సగం సగం చెప్పానని పొద్దున్నుంచి మనసులో పీకుతోంది. అందుకే ఈ ఉత్తరం.

ఫోన్ పెట్టేముందు "ఏం కాదులే అత్తా, క్యూలో ఉన్నాయి కదా, ఏవీ పోవు" అన్నావు చూడు, నాకు నిద్ర పట్టనిది ఆ మాటకే.

నేను పదో తరగతిలో ఉండగా మీ తాతతో ఒకసారి కర్నూలు మార్కెట్ యార్డుకు వచ్చాను. కోడుమూరు చేలో పండిన ఎర్రగడ్డలు, ట్రాక్టరు నిండా. ఆ ఏడు పంట అందరికీ ఒకేసారి చేతికొచ్చింది. ట్రాక్టర్లు గేటు దాటి రోడ్డు మీదకి వచ్చేశాయి. రెండు రాత్రులు సంచుల మీదే పడుకున్నాం. మధ్యలో ఒక వాన. మూడో రోజు మా వంతు వచ్చి కాటా దగ్గర సంచులు దించుతుంటే అడుగు వరసలోంచి పసుపు నీళ్లు కారుతున్నాయి, ముక్కు పగిలే వాసన. గేటు చీటీలో రాసినన్ని సంచులూ ఉన్నాయి, ఒక్కటి కూడా పోలేదు. ధర మాత్రం పోయింది.

నీ ఓటీపీలు ఆ ఎర్రగడ్డలే. ఐదు నిమిషాలకు చచ్చిపోయే ఓటీపీని గంట తర్వాత భద్రంగా చేరవేస్తే ఎవరికి లాభం? కాబట్టి డాష్‌బోర్డులో క్యూ పొడవు చూపించే గ్రాఫ్ పక్కకు జరిపి, అన్నిటికంటే ముందున్న మెసేజ్ వయసెంతో చూపించే గ్రాఫ్ పైన పెట్టు. అలారం కూడా దానికే కట్టు. పొడవు చూసి ఏం తెలీదు. లక్ష మెసేజ్‌లు ఉన్నా రెండు నిమిషాల్లో తేలిపోయే క్యూ ఉంటుంది, రెండొందలే ఉన్నా పొద్దున్నుంచి కదలని క్యూ ఉంటుంది.

ఇప్పుడు నీ లెక్క తీసుకుందాం. సెకనుకు 50 వస్తున్నాయి, 60 పంపుతున్నాం అన్నావు. మిగిలేది సెకనుకు 10. రెండు లక్షలు తీరాలంటే 20,000 సెకన్లు, అంటే ఐదున్నర గంటలు. "తగ్గడం లేదు" అన్నావు గానీ తగ్గుతోంది, నీ కంటికి ఆనడం లేదంతే. ఇంకో లెక్క. ఐదు నిమిషాల్లో నువ్వు పంపగలిగేవి 18,000. అంటే తన ముందు 18,000కు మించి ఉన్నప్పుడు క్యూలో చేరిన ప్రతి ఓటీపీ చేరేలోపే చచ్చినట్టే. చచ్చిన ఓటీపీ అందుకున్నవాడు ఊరుకుంటాడా? "మళ్లీ పంపు" నొక్కుతాడు. అది పోయి మళ్లీ అదే క్యూ చివర నిలబడుతుంది. నీకొచ్చే ఆ 50లో ఇలా రెండోసారి నొక్కినవి ఎన్నో ఒకసారి విడదీసి చూడు.

అసలు తప్పు ఎక్కడ జరిగిందంటే, మార్కెటింగ్ వాళ్లు రాత్రి వదిలిన పండగ ఆఫర్ మెసేజ్‌లూ ఓటీపీలూ ఒకే టాపిక్‌లో, అంటే ఒకే లైనులో, పోతున్నాయి. ఆఫర్ రేపు పొద్దున చేరినా కొంపలేం మునగవు. ఓటీపీ అలా కాదు. రెంటికీ వేరే వేరే టాపిక్, వేరే వేరే వర్కర్లు, అంటే క్యూలోంచి మెసేజ్ తీసుకుని పంపే ప్రోగ్రాములు, పెట్టు. ఓటీపీ వర్కరు మెసేజ్ తీసుకోగానే ముందు గడువు చూడాలి. దాటిపోయి ఉంటే పంపకుండా పక్కన పారేయాలి. మొన్న రాత్రి ఈ ఒక్క షరతు ఉండి ఉంటే చచ్చిన ఓటీపీలు పంపడానికి పెట్టిన టైమంతా బతికున్న వాటికి దక్కేది.

వర్కర్లను 6 నుంచి 20కి పెంచినా మార్పు లేదన్నావు. ఆ టాపిక్‌కి పార్టిషన్లు, అంటే దాన్ని విడదీసిన చిన్న లైన్లు, ఎన్ని? నీ స్క్రీన్‌షాట్‌లో నాకు 6 కనబడింది. మీరు వాడే కాఫ్కా అనే క్యూ సాఫ్ట్‌వేర్‌లో, పని పంచుకునే ఒక వర్కర్ల గ్రూపులో ఒక పార్టిషన్‌ను ఒక్కరే చదవగలరు. నువ్వు కొత్తగా తెచ్చిన 14 మందీ ఖాళీగా కూర్చుని జీతం తీసుకుంటున్నారు. సరే పార్టిషన్లు 20 చేసేస్తా అని లేస్తావు, నాకు తెలుసు. ఆగు. ఫోన్ నంబర్ కీగా, అంటే మెసేజ్ ఏ పార్టిషన్‌కు పోవాలో తేల్చే గుర్తుగా, పెట్టి, ఒకే నంబర్ మెసేజ్‌లు వరసగా పోవాలని చూస్తున్నారు కదా. పార్టిషన్ల సంఖ్య మారితే ఏ కీ ఏ పార్టిషన్‌కు పోతుందన్నది మారిపోతుంది. పాత మెసేజ్ పాత పార్టిషన్‌లో నిలబడి ఉండగా కొత్తది ఇంకో దాంట్లో దూరి ముందే పోతుంది. క్యూ ఖాళీగా ఉన్న వేళ చెయ్యి, రెండు లక్షలు పేరుకున్న రాత్రి కాదు.

యార్డులో ఇంకోటి చూశాను చిన్నప్పుడు. జనం గొడవ చేస్తే మండీవాళ్లు హమాలీలను ఇంకో పదిమందిని పిలిచారు. లైను మాత్రం అంగుళం కదల్లేదు. కాటా ఒకటే! పదిమందీ కాటా చుట్టూ నిలబడి బీడీలు కాల్చుకున్నారు. నీ కాటా ఏదో కనుక్కో. డేటాబేస్ కనెక్షన్లా, మెసేజ్‌లను ఫోన్లకు చేరవేసే ఎస్సెమ్మెస్ గేట్‌వే సెకనుకు ఇన్నే తీసుకుంటానని పెట్టిన పరిమితా? అది తేలకుండా వర్కర్లను పెంచితే కాటా మీద తోపులాట ఎక్కువై ఉన్న వేగం కూడా పోతుంది.

ఇంకో సంగతి, మీ మేనేజరుకు కోపం తెప్పించేది. "సర్వర్లు 60 శాతమే పనిచేస్తున్నాయి, ఖర్చు దండగ" అంటాడు. ఒకే వర్కరు ఉండి, మెసేజ్‌లు ఎప్పుడు పడితే అప్పుడు వస్తూ, ఒక్కో పనికి పట్టే సమయం కూడా అలాగే ఎటుపడితే అటు మారుతుంటే, వర్కరు సగం సమయం బిజీగా ఉన్నప్పుడు సగటున వేచి ఉండే సమయం ఒక పనికి పట్టేంత. 80 శాతం బిజీ అయితే నాలుగింతలు. 90 అయితే తొమ్మిదింతలు. 95కి పందొమ్మిదింతలు. వర్కర్లు ఎక్కువమంది ఉంటే ఇంత ఘోరంగా ఉండదు గానీ వంపు మాత్రం అదే వంపు. ఇది కంప్యూటర్లు పుట్టకముందు లెక్క. 1909లో కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసే ఎర్లాంగ్ అనే ఆయన ఫోన్ కాల్స్ మీద ఇలాంటి లెక్కలు మొదలుపెట్టాడు. రాబిట్‌ఎంక్యూ అనే ఇంకో క్యూ సాఫ్ట్‌వేర్‌ను రాసిన భాషకు పెట్టిన పేరు ఆయనదే. మేనేజరు మీటింగులో ఈ నాలుగు అంకెలు బోర్డు మీద రాసి కూర్చో, ఎక్కువ మాట్లాడకు.

ఇక డబ్బుల విషయం. వచ్చే నెల నుంచి రీఫండ్ల క్యూ కూడా నీకే ఇస్తున్నారని మీ అమ్మ చెప్పింది. సంతోషమే, కానీ అందులో చెయ్యి పెట్టేముందు నా తలవంపుల కథ విను.

2010 ప్రాంతంలో ఒక కంపెనీలో నెలాఖరు బిల్లులు తయారుచేసి మెయిల్ పంపే పని నాది. అమెజాన్ వాళ్ల క్యూ సేవ ఎస్‌క్యూఎస్ వాడాం. అందులో వర్కరు ఒక మెసేజ్ తీసుకుంటే అది కొంతసేపు మిగతావాళ్లకు కనబడదు. మనం ఏమీ మార్చకపోతే ఆ కొంతసేపు 30 సెకన్లు. ఆలోపు పని ముగించి మెసేజ్‌ను తీసేయకపోతే, పాపం ఆ వర్కరు చచ్చిపోయాడేమో అనుకుని అది మళ్లీ అందరికీ కనబడుతుంది. మామూలు రోజుల్లో మా బిల్లుకు 10 సెకన్లు. నెలాఖరున డేటాబేస్ మీద బరువు పడి 40 సెకన్లు. మొదటి వర్కరు ఇంకా బిల్లు గీస్తూనే ఉన్నాడు, రెండోవాడు అదే మెసేజ్ తీసుకుని మొదలుపెట్టాడు, ఆ తర్వాత మూడోవాడు. అందరూ కలిసి డేటాబేస్ మీద ఇంకా బరువు పెంచారు. తెల్లారేసరికి ఒక పెద్దాయనకు ఒకే బిల్లు ఏడుసార్లు పోయింది. ఆయన ఏడూ ప్రింటు తీసుకుని ఆఫీసుకు వచ్చి, "ఇందులో ఏది కట్టాలమ్మా?" అని నన్నే అడిగాడు.

ఆ 30 సెకన్ల టైమ్‌అవుట్ పెంచితే ఆ జబ్బు తగ్గింది. కానీ ఆ రోజు నుంచి నేను ఏ క్యూనూ "ఒక్కసారే ఇస్తుంది" అని నమ్మలేదు. పని చేశాక ఆ కబురు తిరిగి చెప్పేలోపు నెట్‌వర్క్ తెగితే క్యూకి ఏం తెలుస్తుంది? మళ్లీ ఇస్తుంది. పోనీ పని చేయకముందే "అందింది" అని చెప్పేస్తే, మధ్యలో వర్కరు పడిపోయిన రోజు ఆ రీఫండ్ ఎవరికీ తెలియకుండా మాయమవుతుంది. నువ్వు మొదటిదే ఎంచుకో. రెండుసార్లు వచ్చినా ఒకసారే జరిగేలా చూసుకో. రీఫండ్ పుట్టిన చోటే దానికొక నంబర్ ఇవ్వు, ఆ నంబర్ ఎన్నిసార్లు పంపినా మారకూడదు. టేబుల్‌లో ఆ కాలమ్‌కు యూనిక్ నిబంధన, అంటే ఒకే నంబర్‌ను రెండోసారి రాయనివ్వని నిబంధన, పెట్టు. ముందు ఆ వరుస రాయి. రాయనివ్వకపోతే ఇంతకుముందే వచ్చిందన్నమాట, అది పూర్తయిందో మధ్యలో ఆగిందో స్టేటస్ చూసి తేల్చుకో. బ్యాంకు వైపు పంపేటప్పుడు కూడా అదే నంబర్ జత చెయ్యి, వాళ్లూ రెండోసారిని గుర్తుపట్టేలా. ఓటీపీ రెండుసార్లు పోతే ఎవరూ కొట్టరు. రీఫండ్ రెండుసార్లు పోతే కంపెనీ ఊరుకోదు.

నీ కాఫ్కాలోనూ ఇదే గొయ్యి ఇంకో రూపంలో ఉంది. మామూలు సెట్టింగుల్లో ఒక్కో దఫా 500 మెసేజ్‌ల దాకా ఇస్తుంది, 5 నిమిషాల్లో మళ్లీ వచ్చి అడగాలంటుంది. ఒక్కోటి 100 మిల్లీసెకన్లయితే 50 సెకన్లలో వచ్చేస్తావు. గేట్‌వే మందగించి 700 పట్టిందనుకో, 350 సెకన్లు. ఐదు నిమిషాలు దాటింది, నిన్ను గ్రూపులోంచి తీసేసి నీ మెసేజ్‌లు పక్కవాడికి ఇస్తుంది. వాడూ అంతే. ఇక రాత్రంతా పంపినవే పంపుతూ ఉంటారు, ఎక్కడిదాకా అయిందో చెప్పే గుర్తు, ఆఫ్‌సెట్, మాత్రం కదలదు. 500ను 50కి తగ్గించు, పీడ పోతుంది.

గేట్‌వే పడిపోయినప్పుడు మీ వర్కర్లు సెకనుకోసారి మళ్లీ మళ్లీ తట్టడం లాగ్ ఫైళ్లలో చూశాను. జ్వరం తగ్గి ఇప్పుడే లేచి కూర్చున్నవాడి మీదకు ఊరంతా ఒకేసారి పలకరింపుకు వచ్చినట్టుంది. 1, 2, 4, 8 సెకన్లుగా ఎడం పెంచుకుంటూ పో. దానికి కాస్త అడ్డదిడ్డమైన తేడా కూడా కలుపు, లేకపోతే అందరూ కూడబలుక్కుని ఒకే సెకనుకు తడతారు. ఐదుసార్లకు కాకపోతే డెడ్ లెటర్ క్యూలోకి తోసెయ్. చిరునామా దొరకని ఉత్తరాలు చేరే తపాలా ఆఫీసుకు ఒకప్పుడు ఉన్న పేరే దీనికీ పెట్టారు. తప్పు ఫార్మాట్‌లో ఉన్న ఒక్క మెసేజ్ చాలు, వెనకున్నవన్నీ ఆగిపోవడానికి. దాన్ని లైనులోంచి పక్కకు తీయడమే ఈ ఏర్పాటు. అయితే నేను చూసిన ఆఫీసుల్లో సగం చోట్ల అది పెరట్లో పాత సామాన్ల కొట్టం. తలుపు తీసినవాడు లేడు. రోజూ పొద్దున టీ తాగేలోపు చూడాల్సిన మనిషి ఫలానా అని పేరు రాసిపెట్టండి.

అన్నిటికంటే కష్టమైంది, ఈ వయసులో నీకు మొహమాటంగా అనిపించేది, గేటు దగ్గరే వద్దనడం. సరుకు ముంచెత్తినప్పుడు యార్డువాళ్లు రెండు రోజులు ఎర్రగడ్డలు తేవద్దని చెప్తారు. రైతులు తిడతారు. కానీ సరుకు ఇంకా చేలోనే, నీడలోనే ఉంటుంది. అలాగే నీ ఏపీఐ, అంటే వేరే ప్రోగ్రాములు నీకు మెసేజ్‌లు అప్పగించే గేటు, కూడా. మార్కెటింగ్ వాళ్ల ప్రోగ్రాం మూడు లక్షలు ఒక్క ఊపున తోస్తుంటే "మరీ ఎక్కువ పంపుతున్నావు" అని చెప్పే 429 కోడ్ ఇచ్చి, ఎంతసేపటికి మళ్లీ రావాలో చెప్పి వెనక్కి పంపు. మళ్లీ పంపడం వాళ్ల పని. ఇక బిల్లు తయారీలాంటి ఆలస్యం పనులకు బ్రౌజరును పట్టుకుని కూర్చోబెట్టకు. పని రాసుకున్నాం అని 202 కోడ్ ఇచ్చి, ఒక నంబర్ చేతిలో పెట్టు, వాళ్లే వచ్చి చూసుకుంటారు.

రీఫండ్‌ను డేటాబేస్‌లో రాసి, ఆ తర్వాత క్యూలో వేస్తామన్నావు కదా. రెంటి మధ్య సర్వరు పోతే? రాసింది ఉంటుంది, క్యూలో ఉండదు, కస్టమరు వారం ఎదురుచూస్తాడు. పంపాల్సిన మెసేజ్‌ను కూడా అదే డేటాబేస్‌లో ఇంకో టేబుల్‌లో, అదే ట్రాన్సాక్షన్‌లో, అంటే పడితే రెండూ పడేలా, లేకపోతే ఏదీ పడకుండా, రాయి. దాన్ని చదివి క్యూలో వేసే చిన్న ప్రోగ్రాం వేరేగా నడుస్తుంది. అవుట్‌బాక్స్ అంటారు. దీని గురించి ఇంకా చాలా ఉంది, నువ్వు వచ్చినప్పుడు కాగితం మీద గీసి చూపిస్తా.

రేపు పొద్దున ఆఫీసుకు పోగానే డెడ్ లెటర్ క్యూలో ఎన్ని ఉన్నాయో, వాటిలో పాతది ఏ తేదీదో చూసి నాకు వాట్సాప్ పెట్టు. శనివారం బస్సెక్కితే ఆదివారం ఉగ్గాని, బజ్జీ చేస్తా, మీ మామ మిరపకాయలు ఇప్పటికే తెచ్చిపెట్టాడు.

మీ నాయన నీకు నిన్న సాయంత్రం నుంచి ఆరుసార్లు చేశాడట, మధ్యలో ఎడం కూడా లేకుండా. ఒకసారి ఎత్తు నాయనా.

మీ అత్త