ముసురు రోజులకు జనరేటర్ కొనే ముందు ఛార్జర్ లెక్క చూసుకోండి

మీరు అడిగింది ఇది: లైన్ కరెంటు లేని ఇల్లు, 3 కిలోవాట్ల ప్యానెళ్లు, 48 వోల్టుల మీద 10 యూనిట్ల లిథియం బ్యాటరీ, 5 కిలోవాట్ల ఇన్వర్టర్. మూడు రోజులు ముసురు పట్టిందంటే బ్యాటరీ అడుగంటుతోంది. ఎవరో 7.5 కేవీఏ డీజిల్ జనరేటర్ కొనమన్నారు, కొనొచ్చా అని.

వద్దండీ. నేను సరిగ్గా అదే కొని రెండేళ్లు అవస్థ పడ్డాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అప్పట్లో ఫ్రిజ్, నీళ్ల మోటారు, మిక్సీ, ఇస్త్రీపెట్టె వాట్లన్నీ కూడి, పైన ఇంకొంచెం వేసుకుని ఆ సైజుకు వెళ్లాను. కానీ ఇంటికి కరెంటు ఇవ్వడానికి ఇన్వర్టర్ ఉంది. జనరేటర్‌తో మనకు పడే పని బ్యాటరీ నింపుకోవడం. అప్పుడు నాది 24 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ, ఛార్జర్ 30 ఆంపియర్లది. అది లాగేది కిలోవాటుకు అటూ ఇటూ. 6 కిలోవాట్లు (7.5 కేవీఏ అంటే దాదాపు అంతే) ఇవ్వగల ఇంజను ఆరో వంతు లోడు మీద గంటల తరబడి తిరిగేది.

కొన్నాళ్లకు సైలెన్సర్ జాయింటు దగ్గర తారులాంటి నల్లటి జిడ్డు కారి, కింద సిమెంటు మీద అరచేయంత మరక కట్టింది. ఆయిల్ లీకేమోనని డిప్‌స్టిక్ తీసి చూస్తే లెవెల్ సరిగ్గానే ఉంది. వేలికి అంటించుకుని వాసన చూస్తే డీజిల్ కంపు. మెకానిక్ వచ్చి చూసి, "దీనికి పని చాలట్లేదండీ" అన్నాడు. లోడు లేకపోతే డీజిల్ ఇంజను సిలిండర్ సరిగ్గా వేడెక్కదు. ఇంధనం పూర్తిగా కాలదు. కాలని డీజిల్, మసి కలిసి పొగగొట్టంలో పేరుకుంటాయి. పెట్రోల్ ఇంజనుకు ఈ జిడ్డు బాధ అంతగా ఉండదు గానీ ఖర్చు మాత్రం తప్పదు. 1800 వాట్ల చిన్న ఇన్వర్టర్ జనరేటర్ (లోపలే ఇన్వర్టర్ ఉండే రకం) ఒకటి ఉంది, దాని ట్యాంకు 3.6 లీటర్లు. ఫుల్ లోడు మీద 3.2 గంటలు, పావు లోడు మీద 8.1 గంటలు నడుస్తుంది. లెక్క వేసి చూడండి: ఫుల్ లోడులో లీటరుకు 1.6 యూనిట్లు, పావు లోడులో ఒక్క యూనిట్.

ఇక మీ లెక్క. ఛార్జింగ్ కరెంటు 40 ఆంపియర్లకు సెట్ చేస్తే బ్యాటరీలోకి సుమారు 2.1 కిలోవాట్లు వెళ్తాయి. ఛార్జర్‌లో పోయేది కలిపితే జనరేటర్ మీద 2.4 దాకా పడుతుంది. ఆ సమయంలో ఫ్రిజ్, ఫ్యాన్లు కూడా జనరేటర్ మీదే నడుస్తాయి కాబట్టి 2.7 అనుకోండి. అది జనరేటర్ సామర్థ్యంలో 75-80 శాతం ఉండాలి. అంటే నిలకడగా 3.5 కిలోవాట్లు ఇచ్చేది చాలు. 20 శాతం నుంచి 80 శాతానికి మూడు గంటల్లో వచ్చేస్తుంది. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే 'మ్యాక్స్' అంకె చూడకండి, 'రేటెడ్' (నిలకడగా ఇచ్చేది) అని ఉన్నదే చూడండి. పాత రకం ఛార్జర్లకు పవర్ ఫ్యాక్టర్ (లాగిన కేవీఏలో నిజంగా పనికొచ్చే వంతు) 0.7 దగ్గర ఉంటుంది, వాటికి ఇదే పనికి 3.4 కేవీఏ ఒక్క ఛార్జింగ్‌కే కావాలి. ఎత్తైన కొండ ప్రాంతమైతే ప్రతి 300 మీటర్లకు మూడు నాలుగు శాతం పవర్ తగ్గుతుందని లెక్కలోకి తీసుకోండి.

సైజు కుదిరినా ఒక చిక్కు వస్తుంది. తర్వాత నేను తీసుకున్న మామూలు పెట్రోల్ జనరేటర్‌తో మొదటి రోజే ఇన్వర్టర్‌లో 'టక్' అని రిలే (లోపలి స్విచ్) పడటం, లైట్లు ఒక్కసారి మిణుకుమనడం, అర నిమిషానికి మళ్లీ 'టక్'. గంటసేపు టెన్షన్‌తో చూస్తూ కూర్చున్నాను. జరిగింది ఏమిటంటే, ఛార్జింగ్ మొదలవగానే ఇంజను కుంగి వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ పడిపోయేవి. ఇన్వర్టర్ ఈ కరెంటు బాగోలేదని వదిలేసేది. లోడు పోగానే ఇంజను తేరుకునేది, మళ్లీ పట్టుకునేది. చాలా ఇన్వర్టర్లలో ఇన్‌పుట్‌కు రెండు మోడ్‌లు ఉంటాయి: యూపీఎస్ మోడ్ (కంప్యూటర్ల లాంటి సున్నితమైన వాటికి) 170 నుంచి 280 వోల్టులు, ఏపీఎల్ మోడ్ (మామూలు ఇంటి సామాన్లకు) 90 నుంచి 280. ఏపీఎల్‌కు మార్చి, ఛార్జింగ్ కరెంటు పది ఆంపియర్ల నుంచి మెల్లగా పెంచుకుంటూ వస్తే కుదిరింది. మీరు కొత్తగా కొంటున్నారు కాబట్టి బడ్జెట్ ఉంటే ఇన్వర్టర్ జనరేటరే తీసుకోండి. దాని కరెంటు శుభ్రంగా ఉంటుంది, లోడు తగ్గితే ఇంజను వేగం కూడా తగ్గుతుంది, చప్పుడూ తక్కువే.

డీజిలా పెట్రోలా అంటే, ఏడాదికి వంద గంటల్లోపు వాడకానికి పెట్రోలే నయం. రోజూ గంటల కొద్దీ నడపాల్సిన చోటైతే 1500 ఆర్పీఎం (నిమిషానికి 1500 చుట్లు, నెమ్మదిగా తిరిగే రకం) డీజిల్ గురించి ఆలోచించాలి. పెట్రోల్‌తో ఉన్న బాధ నిల్వే. నెలల తరబడి కార్బురేటర్‌లో ఉండిపోతే జిగురు పట్టి, తీరా అవసరమైన రోజున తాడు ఎంత లాగినా స్టార్ట్ కాదు. నెలకోసారి ఓ ఇరవై నిమిషాలు లోడు మీద నడపండి. ఎక్కువ రోజులు పక్కన పెట్టేటప్పుడు పెట్రోల్ కాక్ మూసి, ఇంజను దానంతటదే ఆగేదాకా తిరగనివ్వండి. గ్యాస్ కిట్ ఉన్నవాటికి ఈ తంటా లేదు, పవర్ మాత్రం పది శాతం దాకా తగ్గుతుంది. కొత్త ఇంజనుకు మొదటి ఆయిల్ మార్పు 20 గంటలకే చేయించండి, మర్చిపోవద్దు.

ఎప్పుడు నడపాలన్నది నాకు ఆలస్యంగా తెలిసింది. సాయంత్రం బ్యాటరీ అయిపోయిందని రాత్రి నడిపేవాణ్ని. ఇప్పుడు తెల్లవారుజామున ఓ రెండు గంటలు నడిపి, 70-80 శాతం రాగానే ఆపేస్తాను. మబ్బు పట్టిన ఎండైనా మిగతాది మెల్లగా నింపుతుంది. లెడ్ యాసిడ్ అయితే ఇది ఇంకా ముఖ్యం. చివరి 20 శాతం నింపడానికి గంటలు పడుతుంది, కరెంటేమో కొంచెమే తీసుకుంటుంది. ఆ పని ఎండకు వదిలేస్తే బోలెడు పెట్రోల్ మిగులుతుంది.

దీన్ని వరండాలోనో, గదిలో కిటికీ తెరిచో నడపకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇంటికి కనీసం 6 మీటర్ల దూరంలో, పొగ ఇంటి వైపు రాకుండా అవతలి వైపుకు పోయేలా పెట్టండి. వానకు చిన్న రేకు కప్పు వేయండి, చుట్టూ మూయకండి. వైరు ఇన్వర్టర్ ఏసీ ఇన్‌పుట్‌కే వెళ్లాలి. గోడ ప్లగ్‌లోకి గుచ్చి ఇంటికి కరెంటు ఎక్కించే పని ఎవరు చెప్పినా చేయొద్దు.

మీ ఇన్వర్టర్ స్టిక్కర్ మీద 'మ్యాక్స్ ఏసీ ఛార్జింగ్ కరెంట్' అని ఒక అంకె ఉంటుంది. అదీ, మోటారు ఎన్ని హెచ్‌పీయో రాయండి, మళ్లీ లెక్క వేసి చెబుతాను.