కోనసీమ రోడ్ల మీద కారు ఆగిపోతే ముందు ఎవరికి ఫోన్ చేయాలి?

అమలాపురంలో ఉంటున్నామని, కారుకి కంపెనీ వారంటీ అయిపోయిందని, ఇన్సూరెన్స్ రెన్యువల్‌లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ (దారిలో బండి ఆగితే ఫోన్ చేస్తే సాయం పంపే సదుపాయం) కూడా తీసుకోమంటున్నారని రాశారు. మన కాలువ గట్టు రోడ్లకి అది పనికొస్తుందా అని మీ సందేహం.

పనికొస్తుందండి, తీసుకోండి. కాకపోతే అదొక్కదాన్నే నమ్ముకుని బయల్దేరొద్దు. మన వైపు కారు ఏ రోడ్డు మీద ఆగిందన్నదాన్ని బట్టి ముందు ఎవరికి చేయాలన్నది మారిపోతుంది.

రాజమండ్రి, రావులపాలెం, తణుకు మీదుగా పోయే 16వ నంబరు హైవే మీద ఆగితే ముందు 1033కి చేయండి. జాతీయ రహదారుల సంస్థ హెల్ప్‌లైన్ అది, పగలూ రాత్రీ పనిచేస్తుంది. కాకినాడ, యానాం, అమలాపురం, రాజోలు మీదుగా వెళ్ళే 216 కూడా జాతీయ రహదారే కాబట్టి అక్కడా ఇదే నంబరు. అయితే వాళ్ళ క్రేన్ పని బండిని దారికి అడ్డం లేకుండా తీయడం. మీ సర్వీస్ సెంటర్ దాకా చేర్చడం మీరు చూసుకోవాలి. ఎవరికైనా దెబ్బలు తగిలితే మాత్రం ఇవేమీ ఆలోచించకుండా 108.

హైవే దిగి లోపలికి వచ్చాక సంగతి వేరు. ఓసారి సాయంత్రం పూట అమ్మని తీసుకొస్తుంటే పి.గన్నవరం దగ్గర ఇంజిన్ బెల్టు తెగింది. బ్యాటరీ లైటు వెలిగింది, వేడి ముల్లు పైకి లేచింది. ఆపేసి పాలసీలో ఉన్న నంబరుకి చేశాను. ఫోనెత్తినాయన మర్యాదగానే మాట్లాడారు, బండి పంపిస్తున్నామన్నారు. కాసేపటికి టోయింగ్ (ఆగిన కారుని తీసుకెళ్ళే) బండి డ్రైవరు ఫోన్ చేసి "సార్, గన్నవరం ఎయిర్‌పోర్టు దగ్గరున్నాను, మీరెక్కడ?" అన్నాడు. విజయవాడ పక్కన గన్నవరం! వంద కిలోమీటర్లకి పైనే దూరం. చీకటి పడుతోంది, పక్కన అమ్మ, ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను.

ఆదుకున్నది కొబ్బరికాయల లోడుతో వెళ్తున్న ఒక వ్యాన్ డ్రైవరు. ఆగి, తనకి తెలిసిన అంబాజీపేట మెకానిక్ నంబరు ఇచ్చాడు. ఆ మెకానిక్ "ఆయ్, మీరు మళ్ళీ స్టార్ట్ చేయకండి, బండి మోడలు, బెల్టు మీద నంబరు ఫొటో తీసి పెట్టండి" అన్నాడు. బెల్టు వెంట పెట్టుకుని మోటారు సైకిల్ మీద వచ్చి అక్కడే వేసేశాడు. చాలా కార్లలో ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్ళ పంపు కూడా ఆ బెల్టుతోనే తిరుగుతుంది. ఇంకో రెండు కిలోమీటర్లే కదా అని నడిపేస్తే ఇంజిన్‌కే ముప్పు. ఆ ఒక్క మాట చెప్పినందుకు అతనికి ఎంతైనా రుణపడి ఉంటాను.

అందుకని చెబుతున్నాను. పంచరు, బెల్టు, బ్యాటరీ లాంటివి అక్కడికక్కడ బాగయ్యే పనులు. వీటికి దగ్గరి ఊరి మెకానిక్కే త్వరగా వస్తాడు. మీరు తరచూ వెళ్ళే దారుల్లో, కొత్తపేట కానీ ముమ్మిడివరం కానీ రాజోలు కానీ, ఒక్కో మెకానిక్‌తో ముందే మాట్లాడి నంబర్లు దాచుకోండి. ఇక క్లచ్, గేర్‌బాక్స్, ఇంజిన్ లాంటి పెద్ద రిపేరొచ్చి బండిని కాకినాడకో రాజమండ్రికో చేర్చాల్సి వస్తే, అప్పుడు అక్కరకొచ్చేది పాలసీలోని టోయింగే. ఆటోమేటిక్, ఎలక్ట్రిక్ కార్లయితే నాలుగు చక్రాలూ పైకెక్కించుకునే బండే పంపమని ఫోన్లోనే గట్టిగా చెప్పండి. ఊరి పేరొక్కటే చెప్పి వదిలేయకుండా మండలం, జిల్లా, పిన్‌కోడ్ కలిపి చెప్పి, వాట్సాప్‌లో లొకేషన్ పెట్టండి. వచ్చే డ్రైవరు నంబరు తీసుకుని మీరే మాట్లాడండి. గట్టు సన్నగా ఉంటే పెద్ద బండి లోపలికి రాలేదు, వచ్చినా తిప్పుకోలేదు. ఆ సంగతీ ముందే చెప్పాలి.

ఊళ్ళో ట్రాక్టర్‌కి తాడు కట్టి లాగిస్తామని ఎవరైనా ముందుకొస్తారు, మనవాళ్ళ మంచితనం అది. కానీ ఇంజిన్ ఆగిపోతే స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకు ఎంత తొక్కినా సరిగ్గా పడదు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేపల చెరువు ఉన్న గట్టు మీద ఆ సాహసం దయచేసి వద్దు. పిల్లలూ పెద్దవాళ్ళూ కార్లో ఉండగా అసలే వద్దు.

వరదల్లో కాజ్‌వేల మీద, వానాకాలం పల్లపు రోడ్ల మీద నీళ్ళలో బండి ఆగితే తాళం తిప్పకండి. ఇంజిన్‌లోకి నీళ్ళు పోయాక స్టార్ట్ చేస్తే లోపలి రాడ్లు వంగిపోతాయి. ఆ నష్టాన్ని మామూలు పాలసీలో సాధారణంగా ఇవ్వరు, ఇంజిన్ ప్రొటెక్ట్ అని విడిగా తీసుకోవాలి. గోదావరి పక్కన ఉండేవాళ్ళకి రోడ్‌సైడ్ అసిస్టెన్స్ కంటే అదే ముందు కావాలని నా అభిప్రాయం.

రెన్యువల్ డబ్బు కట్టేముందు ఏజెంటుని రెండు విషయాలు అడగండి. ఉచిత టోయింగ్ ఎన్ని కిలోమీటర్ల వరకు, ఏడాదికి ఎన్నిసార్లు. నోటిమాటతో సరిపెట్టుకోకుండా పాలసీ కాగితంలో అది ఎక్కడ రాసుందో చూపించమనండి.