అమ్మ బండి దిగలేదు

ప్రశ్న: మాది కొల్లాపూర్ దగ్గర పల్లె. నన్ను మిర్యాలగూడ వైపు ఇచ్చారు. దసరా సెలవుల్లో రెండు కుటుంబాలం కలిసి శ్రీశైలం డ్యాము వెనక నీళ్ల ఒడ్డున ఉన్న సోమశిల వెళ్లాం. నీళ్లు నిండుగా ఉన్నాయి. అత్తమ్మ, మామయ్య కళ్లు తిప్పకుండా చూస్తూ నిలబడ్డారు. అమ్మ మాత్రం బండి దిగలేదు. ఆమె పుట్టిన ఊరు శ్రీశైలం ముంపులో పోయింది. నాన్న ఒకప్పుడు గుంపు మేస్త్రీ వెంట డ్యాముల పనులకు తిరిగిన మనిషి. ఆయన నీళ్లను పట్టించుకోలేదు. తిరుగుదారిలో ఎల్లూరు దగ్గర రిజర్వాయర్ కట్ట కనబడితే బండి ఆపించి చాలాసేపు చూశారు. ఇంటికొచ్చాక అత్తమ్మ, "అంత మంచి చోటుకు తీసుకపోతే మీ అమ్మ ముఖం ముడుచుకొని కూర్చుంది" అన్నది. అప్పటి నుంచి నాకు టెన్షన్. ఆమెకెలా చెప్పాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారి మీద కోపం తీసేయండి. ఆమెది సాగర్ ఎడమ కాలువ కింద బతికిన ఇల్లు. ఆ వైపు ఆగస్టు వచ్చిందంటే టీకొట్టు దగ్గర వేరే మాట ఉండదు. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులకు వచ్చిందా, గేట్లు ఎత్తారా, సాగర్ కూడా నిండి 590కి చేరుతుందా అనే లెక్కే. ఆ అంకెను బట్టి నారు పోస్తారు, అప్పు చేస్తారు, పిల్ల పెళ్లి పెట్టుకుంటారు. సోమశిలలో ఆమెకు కనబడింది నిండు గాదె. బాగుందనక ఏమంటుంది?

మీ అమ్మగారికి అదే 885 ఊరిని ముంచిన గీత. 1981 ప్రాంతంలో ఆ ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు గుళ్లను రాయి రాయి విప్పి వేరేచోట మళ్లీ కట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం అలంపురం వచ్చింది అలాగే. మీరు సోమశిలలో దండం పెట్టుకున్న గుళ్లూ పైకి తెచ్చినవే. చేదబావిని, చింతచెట్టు కింది అరుగును మాత్రం ఎవరూ తేలేదు. అవి ఎక్కడున్నాయో తెలిసిన మనిషిని ఒడ్డున నిలబెట్టి నీళ్లు చూడమంటే ఎలా చూస్తుంది?

ఇక మీ నాన్నగారు. ఆయన గురించి చదువుతుంటే నాకు ఒక పిల్లవాడు గుర్తొచ్చాడు. జిల్లా పరిషత్ బడుల్లో ముప్పై ఏళ్లు డ్రాయింగ్ చెప్పాను. ఒకసారి ఏడో తరగతికి 'నాకు నచ్చిన దృశ్యం' గీయమన్నాను. అందరూ రెండు గుట్టలు, మధ్యలో సూర్యుడు, కొబ్బరిచెట్టు వేశారు. మా దగ్గర కొబ్బరిచెట్లు ఎన్నున్నాయని! ఆ పిల్లవాడు మాత్రం పేజీ నిండా కాలువ గట్టు వేశాడు. చెట్టు లేదు, మనిషి లేడు. రాయి పక్కన రాయి, ఒక్కో రాయికి ఒక్కో ఆకారం, సందుల్లో పెట్టిన చిన్న చిప్పరాళ్లతో సహా. నేను పదికి నాలుగు వేశాను. వాడు పుస్తకం తీసుకుని, "మా అమ్మానాయిన పరిచిన రాళ్లు సార్" అన్నాడు. పని జరిగే చోట గుడిసెలో పెరిగిన పాలమూరు పిల్లవాడు. ఆ నాలుగును కొట్టేసి తొమ్మిది వేశాను కానీ, వాడి ముఖం ఇప్పటికీ నన్ను వదల్లేదు. మీ నాన్నగారు కట్ట దగ్గర చూసింది ఆ రాళ్లనే. వాలు సరిగ్గా వచ్చిందా, ఎక్కడైనా కుంగిందా అని. ఆయనను ఈసారి తొందరపెట్టకండి.

మర్రిగూడ వైపు పనిచేసినప్పుడు ఒక పాప సిమెంటు వాటర్ ట్యాంకు వేసి చుట్టూ పూలు పెట్టింది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకర పోయిన తాతలున్న ఊరు అది. కృష్ణా నీళ్లు ఆ ట్యాంకులోకే వచ్చాయి. పట్నం నుంచి వచ్చినవాళ్లకు ఆ ట్యాంకు కంటికి అడ్డం.

ఇదేదో మన దగ్గరి సంగతే అనుకోకండి. నెదర్లాండ్స్‌లో సాగు భూములను మళ్లీ అడవిగా, చిత్తడిగా వదిలేస్తే ఎలా ఉంటుందో బొమ్మల్లో చూపించి రైతులను, స్థానికులను, సందర్శకులను అడిగారు. 1998లో అచ్చయిన ఆ పరిశోధనలో అవి తక్కువగా నచ్చింది రైతులకే. తాతల నాటి నుంచి దున్నుకున్న నేల మీద తుంగ మొలిస్తే రైతు కంటికి అది పాడుబడ్డ నేలే.

అత్తగారికి మీరు విడమరిచి చెప్పబోకండి. కోడలు చెబితే అది వాదన అయి కూర్చుంటుంది. అమ్మ ఈసారి మీ ఇంటికొచ్చినప్పుడు పిల్లలను దగ్గర కూర్చోబెట్టి, "అమ్మమ్మ ఊరు గీయిద్దాం" అనండి. పీర్ల చావిడి ఎక్కడ, బాయి ఎక్కడ, మీ ఇంటి గడప ఎటు వైపు అని పిల్లలే అడుగుతారు. అత్తగారు పక్కన బియ్యం ఏరుకుంటూ వింటారు, మధ్యలో తానే ఒకటి అడుగుతారు. కాగితం పెద్దది తీసుకోండి, కేలండర్ వెనక వైపైనా సరే. నీళ్లు మాత్రం ముందు వేయనివ్వకండి.